మందు తాగే జమ్ము

ఆ తెల్లటి దూది చూడడానికి పట్నం నుంచి జనం బస్సుల్లో వస్తున్నారని విన్నప్పుడు హైమవతికి సంతోషం కలగలేదు. ఒళ్ళు మండింది. వరంగల్లులో ఒక పార్కు పని చూస్తూ రెండు నెలలుగా అక్కడే ఉండిపోయిన మనిషి, చేతిలో ఉన్న డ్రాయింగు చుట్ట బల్ల మీద పడేసి, భర్తకు ఫోన్ చేసింది.

"భార్గవా, చెరువులో జమ్ము పూసిందట. తెలుసా నీకు?"

"పోయినేడు పూసింది కదా, ఒక మూల."

"ఒక మూల కాదు. చెరువంతా. టికెట్లు పెట్టి చూపిస్తున్నారట."

"కోయలేదా?" అన్నాడు భార్గవ, ఎవరో నిద్రలేపితే అడిగినట్టు.

"అదే నేనూ అడుగుతున్నా," అని హైమవతి ఫోన్ పెట్టేసి బస్టాండుకు బయల్దేరింది.

కిష్టాయిగూడెం చెరువు పట్నానికి పడమట, మందుల ఫ్యాక్టరీల నడుమ ఉంది. ఒకప్పుడు ఆ గట్టు పక్కనుంచి బస్సు వెళ్తుంటే జనం కిటికీలు మూసుకునేవారు. నీళ్ళు ఒక రోజు పసుపుగా, ఒక రోజు ఇటుక రంగులో ఉండేవి. చేప అన్నది లేదు. ఊళ్ళో బెస్త కుటుంబాలు వలలు అటక మీద పెట్టి ఫ్యాక్టరీల్లోనే ఊడ్చే పనికి కుదిరాయి. ఆ చెరువును బాగుచేసే పని హైమవతికి వచ్చింది. చెట్లూ నీళ్ళూ మట్టీ వాటంతట అవే ఒకదాన్నొకటి బతికించుకునేలా తోటలు వేయడం ఆమె వృత్తి. సిమెంటూ పంపులూ లేకుండా చెరువు తనను తాను కడుక్కోవాలని ఆమె పట్టుదల. అందుకు కావలసిన మొక్కను విశ్వవిద్యాలయంలో వృక్షశాస్త్రం చెప్పే భార్గవ తయారుచేశాడు. మన చెరువుల్లో మామూలుగా పెరిగే జమ్మునే తీసుకుని, దాని వేళ్ళు నీళ్ళలోని పాదరసాన్నీ సీసాన్నీ పీల్చి ఆకుల్లో దాచుకునేలా మార్చాడు. పూత రాకముందే ఆ ఆకులు కోసి, పొగ బయటికి రాని కొలిమిలో కాల్చి, మిగిలిన లోహాన్ని చెరువులోకి గొట్టం వేసిన పెద్ద ఫ్యాక్టరీ తిరిగి తీసుకోవాలి. కోత, కొలిమి, రెండూ ఫ్యాక్టరీ బాధ్యత. ఒప్పుకున్నారు, సంతకాలు పెట్టారు.

జమ్ము పని చేసింది. రెండు వానాకాలాలు గడిచేసరికి నీళ్ళలో మునిగిన రాయి కనిపించసాగింది. కొంగలు దిగాయి. ఊరివాళ్ళు దానికి 'మందు తాగే జమ్ము' అని పేరు పెట్టి, తాగుబోతులను చూసినప్పుడల్లా "నీకంటే జమ్ము నయం" అని నవ్వుకునేవారు. అటక మీది వలలు కిందికి దిగాయి.

హైమవతి చెరువు దగ్గర బస్సు దిగేసరికి గట్టు మీద తిరునాళ్ళలా ఉంది. నీటి అంచు వెంట మనిషెత్తు జమ్ము, ప్రతి కాడ కొసా పగిలి, తెల్లటి దూది గాలిలో తేలుతోంది. పెళ్ళి కుదిరిన జంట ఒకటి ఆ దూదిలో నిలబడి ఫొటోలు దిగుతోంది. ఫొటోగ్రాఫరు కాడలను ఊపమని పురమాయిస్తున్నాడు. పిల్లలు గుప్పెళ్ళతో పట్టి ఒకరి మీద ఒకరు ఊదుకుంటున్నారు.

మొక్కజొన్న కంకులు కాలుస్తున్న బాలమణి ఆమెను చూసి లేచి వచ్చింది. బాలమణి ఆ ఊరి మత్స్యకారుల సంఘానికి అధ్యక్షురాలు. ఆదివారాలు మాత్రం గట్టు మీద కంకులు అమ్ముతుంది.

"వచ్చినవా మేడం! గీ దూది సంగతి జూడున్రి. అన్నంల పడ్తాంది, కూరల పడ్తాంది, పండుకుంటే ముక్కుల్ల పోతాంది. కొత్తల మంచిగనే కొట్టింది. ఇప్పుడు మా చిన్నబిడ్డ చేతులు వణుకుతున్నయ్. బడిల పెన్సిల్ పట్టుకోనొస్తలేదంట. చలికి అన్కున్నం. చలి పోయింది, వణుకు పోలే."

"ఒక్క మీ అమ్మాయికేనా?"

"గట్టు మీది ఇండ్లల్ల శానమందికి. ఏం మేడం, అట్ల జూస్తరు?"

హైమవతి చటుక్కున వంగి, కాలి దగ్గర పడిన దూదినీ ఒక ఆకు ముక్కనూ చేతిరుమాలుతో ఎత్తి, మూటకట్టి, బ్యాగులో పెట్టుకుంది. టికెట్ల బల్ల దగ్గరున్న కుర్రాడిని "ఇవి అమ్మడం ఆపు" అంది. అతను ఆమె ఎవరో తెలియక, వరసలో నిలబడమన్నాడు.

*

మరునాడు ఉదయం భార్గవ చొక్కా గుండీలు పెట్టుకోవడానికి తంటాలు పడుతుంటే హైమవతి వంటింట్లోంచి చూసింది. పై గుండీ కింది కాజాలో పెట్టాడు. విప్పాడు, మళ్ళీ అలాగే పెట్టాడు. కాఫీ కప్పు అందుకుంటుంటే సాసరులో సగం ఒలికింది.

"రాత్రి నిద్ర పట్టలేదా?" అంది.

"పట్టింది. ఈ మధ్య చెయ్యి మాట వినట్లేదు." తేలిగ్గానే అన్నాడు. నిరుడు చలికాలమంతా అతను ఆ జమ్ములోనే కూర్చున్నాడు. ఒక మూల పూసిందని ఫ్యాక్టరీవాళ్ళు చెప్పినప్పుడు కూలీలు దొరకలేదన్న వాళ్ళ మాట నమ్మి, పోనీలే, కొత్త రకానికి విత్తనం దొరుకుతుందని రోజూ వెళ్ళి దూది ఏరి సంచులకెత్తాడు. ఇంటికొచ్చాక తల నిండా, మీసాల నిండా తెల్లగా ఉండేది. 'అప్పుడే ముసలాడివయ్యావు' అని హైమవతి దులిపేది. ఆ సంగతి గుర్తొచ్చి ఆమె చేతిలోని గరిటె ఆగిపోయింది.

ప్రయోగశాలలో భార్గవ ఆకు ముక్కను ఒక గొట్టంలో, ఆమె తెచ్చిన దూదిని మరో గొట్టంలో కరిగించి పాదరసం కొలిచే యంత్రంలో పెట్టాడు. ఆకు గీత తెర అడుగున పాకింది. గడిచిన ఏళ్ళలో కోతకు ముందు ఆ ఆకు గీత ఎంత ఎత్తుండేదో ఇద్దరికీ తెలుసు. దూది గీత లేచి లేచి తెర పై అంచు దాటి కనిపించకుండా పోయింది.



"ఆకులో దాచుకుంటుందనుకున్నాం," అన్నాడు భార్గవ. "దాచుకుంటుంది. కానీ ఎన్నాళ్ళని మోస్తుంది? దానికీ బతకాలని ఉంటుంది కదా. పూత రాగానే ఉన్నదంతా దూదిలోకి తోసేసి గాలికి వదిలేస్తోంది. చెరువులో కరిగి ఉన్నదాన్ని పోగుచేసి, రెక్కలు కట్టి, జనం ముక్కుల్లోకి పంపుతోంది."

తెర మీద మూడో గీత మొదలైంది. అది దూది అంత కాదు గాని, ఆకును దాటిపోయింది.

"మూడోది ఏమిటి? మనం రెండే కదా పెట్టాం?"

భార్గవ అద్దాలు తీసి తుడుచుకుంటూ, "నా వెంట్రుకలు," అన్నాడు.

హైమవతి కుర్చీలో కూర్చుండిపోయింది. ఏడుపు వస్తుందనుకుంది, రాలేదు. ఈ మనిషి మొక్క పేరు ఎత్తితే అన్నం మరిచిపోతాడు. క్లాసులో వందల పేర్లు గుక్కతిప్పుకోకుండా చెబుతాడు. ఆ చేతుల్నీ, ఆ బుర్రనీ, కోయకుండా వదిలేసిన గడ్డి తిని పారేస్తోంది.

"డాక్టరు దగ్గరికి పద," అంది.

"వెళ్దాం. ముందు చెరువు సంగతి చూడు. నేను పెద్దవాణ్ణి, మెల్లగా పోతాను. అక్కడ పిల్లలున్నారు."

"మెల్లగా పోతానని మళ్ళీ అన్నావంటే చూడు!" అని హైమవతి అరిచిన అరుపుకు పక్క గదిలోని విద్యార్థులు తలుపు దగ్గరికి వచ్చి నిలబడ్డారు.

*

ఫ్యాక్టరీ డైరెక్టరు మదన్‌మోహన్ మర్యాదస్తుడు. ఆమె లోపలికి రాగానే లేచి నిలబడ్డాడు, టీ తెప్పించాడు. గోడ మీద కిష్టాయిగూడెం చెరువు ఫొటో, తెల్లటి దూదిలో సూర్యోదయం.

హైమవతి టీ ముట్టుకోలేదు. దూది సంగతి, గట్టు మీది పిల్లల సంగతి, భార్గవ వెంట్రుకల సంగతి ఆగకుండా చెప్పింది. "ఈ వారంలోనే కోయించండి. తడిపి కోయాలి. కోసిందంతా కొలిమిలో కాల్చాలి. టికెట్లు ఇవాళే ఆపాలి."

"కొలిమి ఇంకా కట్టలేదు మేడమ్."

"ఇన్నేళ్ళుగా కోసిన ఆకంతా ఏం చేశారు మరి?"

"ఖాళీ స్థలముంది, అక్కడ పోశాం. మట్టిలో కలిసిపోతుంది కదా, నేచురల్ గదా." ఆ మాట అంటూ చిన్నగా నవ్వాడు. "ఈసారి కోయొద్దని నేనే చెప్పాను. ఇంత అందంగా ఉంటే ఎవరికి కోయబుద్ధవుతుంది? మీ డిజైనే కదా."

"నా డిజైన్‌లో కోత ఉంది. కోత లేకపోతే అది డిజైను కాదు, హత్య."

మదన్‌మోహన్ ముఖంలో మర్యాద కొంచెం సడలింది. "చూడండి మేడమ్. నెలనెలా వచ్చి కొలిచేవాళ్ళు నీళ్ళను కొలుస్తారు. నీళ్ళు శుభ్రంగా ఉన్నాయి. ఆ నీళ్ళను చూసే మాకు ఇంకో రెండు ఉత్పత్తి బ్లాకులకు అనుమతి వచ్చింది. వచ్చే నెల మూడోదానికి ప్రజాభిప్రాయ సేకరణ. దూదిని కొలవమని ఏ చట్టంలో ఉంది, చెప్పండి?"

హైమవతి బల్ల మీదికి వంగింది. "రెండు బ్లాకులా? అంటే చెరువులోకి వదిలేది పెంచారా?"

"జమ్ము తాగుతోంది కదా!"

ఆమెకు మొత్తం ఒక్కసారిగా అర్థమైంది. చెరువును కడగడానికి ఆమె తోట వేసింది. వీళ్ళు ఆ తోటను చూపించి ఇంకా ఎక్కువ విషం పోయడానికి అనుమతి తెచ్చుకున్నారు. తోట ఎంత బాగా పని చేస్తే గొట్టం అంత పెద్దదవుతోంది.

"నేనే కోయిస్తాను," అంటూ లేచింది.

"కోయిస్తే నీళ్ళు మళ్ళీ కంపు కొడతాయి. చేపలు చస్తాయి. ఊరివాళ్ళు తన్నేది నన్ను కాదు, మిమ్మల్ని." అతను కూడా లేచి, తలుపు తెరిచి పట్టుకున్నాడు. "సార్ ఆరోగ్యానికి ఏ సాయం కావాలన్నా అడగండి. ఇది మన ఫ్యామిలీ మేటర్ అనుకోండి."

ఆ తలుపును అతని ముఖం మీద వేసి కొట్టాలనిపించింది. వరండాలోకి వచ్చాక, చేతులు వణుకుతుంటే, అది కోపమో దూదో తెలియక కాసేపు వాటినే చూస్తూ నిలబడింది.

*

అతను చెప్పినదాంట్లో ఒకటి నిజం. సంఘం భవనంలో హైమవతి విషయం చెప్పగానే ఊరు భగ్గుమంది. బాలమణి అందరికంటే ముందు లేచింది.

"అంటే ఏమన్నట్టు మేడం? నీళ్ళల్ల ఉన్న విషాన్ని తీసి మా నెత్తిన పోసినవా?"

"అవును," అంది హైమవతి. "నేను పోయలేదు, పోసినవాళ్ళ చేతికి చెంబిచ్చాను."

"ఇప్పుడు కోసేస్తే?"

"ఇదివరకటి కోతల్లా కాదు, వాళ్ళిప్పుడు వదిలేది పెంచారు. నీళ్ళు మళ్ళీ పాడవుతాయి. కొద్ది రోజుల్లోనే. చేపలు పోతాయి. కోయకపోతే రెండు నెలలు ఇంకా దూది ఎగురుతుంది. ఏది మంచిదో నేను చెప్పను. ఒకసారి మిమ్మల్ని అడగకుండా చేశాను. ఇప్పుడు మీరు చెప్పింది చేస్తాను."

"మస్తు చెప్తున్నవ్!" వెనకనుంచి ఒక మగగొంతు. "మళ్ల వలలు అటక మీద పెట్టాల్నా?"

మాటలు పెరిగాయి. కొందరు ముందు ఫ్యాక్టరీ మీదికి పోదామన్నారు. కొందరు ముందు ఈమెనే కట్టెయ్యాలన్నారు. ఆ గోలలో, వెనక బెంచీ మీద కూర్చున్న భార్గవ గోడ పట్టుకుని లేచాడు. అతన్ని ఊళ్ళో అందరూ ఎరుగుదురు. నిరుడు చలికాలమంతా వాళ్ళ ఇళ్ళల్లో చాయ్ తాగి, వాళ్ళ పిల్లలకు ఆకుల పేర్లు నేర్పిన సారు. గోల తగ్గింది.

"నేను చెబుతాను," అన్నాడు. "తప్పు మొక్కది కాదు. మనం ఈ... ఈ..." ఆగాడు. చెయ్యి చెరువు వైపు చూపిస్తోంది. పెదవులు కదులుతున్నాయి, మాట రావడం లేదు. "ఈ... అక్కడ ఉంటుందే... నీళ్ళలో... పొడుగ్గా..."

జీవితంలో సగం ఆ మొక్కకే ధారపోసిన మనిషి దాని పేరు కోసం గాలిలో వెతుక్కుంటున్నాడు.

"జమ్ము, సారూ," అంది బాలమణి మెల్లగా.

"ఆఁ. జమ్ము," అన్నాడు భార్గవ, అప్పు తీసుకుంటున్నట్టు తల వంచి. ఆ తర్వాత ఏం చెప్పబోయాడో గుర్తు రాక కూర్చున్నాడు.

బాలమణి అతనికేసి చూసి, పక్కనే కూర్చున్న తన కూతురికేసి చూసి, చీర కొంగు నడుముకు బిగించింది. "కోద్దాం. నీళ్ళు కంపు గొడితే కొట్టనీ. కంపు కొడితెనన్న అందరికి తెలుస్తది. గీ తెల్లగ, అందంగ సంపేది నాకొద్దు."

వ్యతిరేకించినవాళ్ళు కూడా కొడవళ్ళు తేవడానికి లేచారు.

*

పొలాలకు మందు కొట్టే పంపులతో ముందు జమ్మును నిలువునా తడిపారు. దూది కాడలకే అతుక్కుపోయాక, ముక్కుకూ నోటికీ మాస్కులు బిగించి, చేతులకు రబ్బరు తొడుగులేసుకుని నీళ్ళలోకి దిగారు. ప్రతి మోపునూ టార్పాలిన్‌లో చుట్టి కట్టే బాధ్యత హైమవతి తీసుకుంది. ఒక్క పోగు ఎగిరినా కేకలేసింది. భార్గవ ఇచ్చిన పిలకలను తను అడుగు అడుగూ కొలిచి నాటించిన వరసలు ఒక్కొక్కటే నేల మట్టమవుతుంటే ఆమె కళ్ళలో నీళ్ళు రాలేదు. ఒక్కో మోపు కడుతూ మదన్‌మోహన్ నవ్వు గుర్తుచేసుకుంది. తాడు ఇంకా గట్టిగా బిగిసింది.

కోత ముగిసిన మూడు నాలుగు రోజులకే గట్టు మీద పాత వాసన లేచింది. వారం తిరక్కుండా నీళ్ళ మీద ఇటుక రంగు తెట్టు కట్టింది. చేపలు వెల్లకిలా తేలాయి. మగవాళ్ళు వాటిని గంపలకెత్తి గొయ్యిలో పూడ్చి, వలలు మళ్ళీ అటక మీద పెట్టారు.

ప్రజాభిప్రాయ సేకరణకు ఫ్యాక్టరీ ముందు పచ్చిక మీద పందిరి వేశారు. జిల్లా నుంచి అధికారిణి వచ్చింది. మదన్‌మోహన్ మైకు పట్టుకుని, తెర మీద చెరువు ఫొటోలు చూపిస్తూ, ప్రకృతీ పరిశ్రమా చేయీ చేయీ కలిపి నడవడం గురించి చెబుతున్నాడు. గాలి చెరువు వైపు నుంచి వీస్తోంది. ముందు వరసలో ఒకరి తర్వాత ఒకరు ముక్కులకు రుమాళ్ళు అడ్డం పెట్టుకున్నారు.

అప్పుడే ట్రాక్టర్లు వచ్చాయి. ఒకదాని వెనక ఒకటి, ట్రాలీల నిండా టార్పాలిన్ మోపులు. బాలమణి ముందు ట్రాక్టరు దిగి, ఒక మోపు భుజాన వేసుకుని పందిరిలోకి నడిచింది. వెనకే హైమవతి, ఇంకా కొందరు ఆడవాళ్ళు.

"ఏమిటిది? ఆపండి!" మదన్‌మోహన్ గొంతు మైకులో కీచుమంది.

"మీ వస్తువే సారూ, తెచ్చిచ్చినం. కోసుడు మీ పని ఉండె, మేమే చేసినం. తీసుకోన్రి."

ఆమె మోపును వేదిక మీద పెట్టబోతుంటే అతను రెండడుగులు వెనక్కి వేశాడు. మూడో అడుగుకు కుర్చీ పడిపోయింది.

"ఇక్కడికి తేవద్దు! సెక్యూరిటీ! దూరం, దూరంగా పెట్టండి, దాన్ని విప్పకండి! దాంట్లో పాదరసముందమ్మా!"

మైకు అతని చేతిలోనే ఉంది. ఆ చివరి మాట పందిరి దాటి, రోడ్డు దాటి, గట్టు దాకా వినిపించింది.

అధికారిణి తల తిప్పింది. "పాదరసమా? మీకెలా తెలుసు?"

"అది... మేడమే చెప్పారు. మా ఆఫీసుకు వచ్చి చెప్పారు," అన్నాడు అతను హైమవతిని చూపిస్తూ, తప్పించుకునే దారి దొరికినట్టు.

"అవును, చెప్పాను," అంది హైమవతి. గొంతు పెంచలేదు. "టికెట్లు ఆపమని కూడా చెప్పాను."

"ఆ తర్వాతి ఆదివారం గూడ అమ్మిన్రు," అంది బాలమణి. "నేను ఆడనే ఉంటి. పిల్లలను ఎత్తుకొని వచ్చిన్రు జనం. గప్పుడు మీరు దూరం పెట్టుమన్లేదు గద సారూ? మీకైతే దూరం, మా పోరగాండ్లకైతే ఫొటోనా?"

మదన్‌మోహన్ ఏదో చెప్పబోయి, మైకు ఇంకా చేతిలో ఉందని చూసి, దాన్ని బల్ల మీద పెట్టాడు. పందిట్లో ఎవరో మొదట కుర్చీ ఎత్తి కొట్టారు. ఆ తర్వాత ఎవరు ఏం చేశారో చెప్పడం కష్టం. పోలీసులు వచ్చేసరికి పందిరి గుంజలు నేల మీద ఉన్నాయి. మోపులు మాత్రం వేదిక మీద వరసగా, కట్టిన ముళ్ళు కట్టినట్టే ఉన్నాయి. హైమవతి వాటికి అడ్డంగా చేతులు చాచి నిలబడి ఎవరినీ తాకనివ్వలేదు.

*

మూడో బ్లాకు ఆగిపోయింది. మిగతా రెండింటికీ తాళాలు పడ్డాయి. కేసు నడుస్తూనే ఉంది. గట్టు మీది పిల్లలకు మందులు మొదలయ్యాయి. బాలమణి చిన్నకూతురు వేళ్ళు కొంచెం నిలకడకొచ్చాయి. భార్గవ ఉద్యోగం మానేశాడు. కొన్ని రోజులు బాగానే ఉంటాడు, వేపచెట్టు కింద కూర్చుని పత్రిక చదువుతాడు. కొన్ని రోజులు చెంచా చేతిలో పట్టుకుని అదేమిటని అడుగుతాడు. హైమవతి చెబుతుంది. చెప్పి, లోపలికెళ్ళి, పళ్ళు బిగించి గిన్నెలు తోముతుంది. గిన్నెలు సొట్టలు పోతున్నాయి.

ఎండాకాలం మొదట్లో చెరువులోకి వచ్చే గొట్టాన్ని మూయించారు. పంచాయతీ పిలిస్తే హైమవతి చూడడానికి వెళ్ళింది. మనిషి వంగకుండా దూరగలిగేంత పెద్ద గొట్టం, మూతి నిండా సిమెంటు. దాని కింద మట్టి ఇంకా ఎర్రగా, చీము పట్టినట్టు మెరుస్తోంది. కంపెనీ తరఫున వచ్చిన కొత్త మేనేజరు మొహమాటంగా దగ్గరికి వచ్చాడు.

"మేడమ్, ఇది చూడ్డానికి బాగాలేదు. రోడ్డు మీదికే కనిపిస్తోంది. ఏవైనా తీగలు పాకిస్తే, లేకపోతే వెదురు వేస్తే, కప్పుకుపోతుంది. ఖర్చు మాదే. మీరైతే బాగా చేస్తారని..."

"ఏమీ వేయను."

"పోనీ పూలమొక్కలు..."

"ఒక్క గడ్డిపోచ కూడా వేయను, వేయనివ్వను." ఆమె అతని కళ్ళలోకి సూటిగా చూసింది. "ఇది ఇలాగే ఉంటుంది. రోడ్డు మీద పోయే ప్రతి ఒక్కరికీ కనిపించాలి."

అతను సరేనన్నట్టు తలూపి వెళ్ళిపోయాడు. గొట్టం అంచున ఎక్కడినుంచో పడి మొలిచిన చిన్న తీగ ఒకటి పైకి పాకుతోంది. హైమవతి వంగి, దాన్ని వేళ్ళతో సహా పెరికి, అవతల పారేసింది.